మన సైన్యం ఖర్చు ఎవరు కట్టారు? 1939 ఒప్పందం మీద ఒక సందేహం

కడప మాస్టారు

అందరికీ నమస్కారం. డిగ్రీ రెండో సంవత్సరం పిల్లలకు ఆధునిక భారత చరిత్ర చెబుతాను. మొన్న రెండో ప్రపంచ యుద్ధం పాఠంలో స్టెర్లింగ్ నిల్వల (లండన్‌లో మన పేర పేరుకుపోయిన పౌండ్ల) దగ్గరికి వచ్చేసరికి ఒక అమ్మాయి లేచి, "సార్, మనం వాళ్ళ పాలన కింద ఉన్నాం కదా, మరి యుద్ధం ముగిసేసరికి వాళ్ళే మనకు బాకీ ఎలా పడ్డారు?" అని అడిగింది. ఏదో చెప్పాను గానీ నా జవాబు నాకే తృప్తిగా లేదు, రెండు రోజులుగా అదే బుర్రలో తిరుగుతోంది.

నేను చెప్పింది ఇదీ. 1939 నవంబరులో లండన్ ప్రభుత్వానికీ ఢిల్లీ ప్రభుత్వానికీ మధ్య రక్షణ ఖర్చు పంచుకునే ఒప్పందం కుదిరింది. మరుసటి ఫిబ్రవరి బడ్జెట్‌లో వైస్రాయ్ మండలి ఆర్థిక సభ్యుడు జెరెమీ రైస్మన్ దాన్ని వివరించాడు. శాంతికాలంలో సైన్యానికి మామూలుగా అయ్యే ఖర్చు కింద ఏడాదికి 36.77 కోట్ల రూపాయలు భారత్ కట్టాలి, ధరలు పెరిగితే ఆ మేరకు పెంచి కట్టాలి. దేశ రక్షణ కోసమే ప్రత్యేకంగా చేసే యుద్ధ ఏర్పాట్ల ఖర్చు కూడా మనదే. బయటికి వెళ్ళిన దళాల అదనపు ఖర్చు కోసం మాత్రం మొత్తంగా 1 కోటి ఇచ్చి చేతులు దులుపుకోవచ్చు. మిగిలింది ఎంతయినా బ్రిటన్ భరించాలి.

కాగితం మీద ఇది మనకు అనుకూలంగానే కనిపిస్తోంది. మరి పరాయి పాలన కింద ఉన్న దేశానికి ఇంత మంచి బేరం ఎలా దొరికింది? నిజంగా మంచి బేరమేనా? తెలిసినవాళ్ళు చెప్పండి.

ఆడిటర్ బాబు

మాస్టారూ, మంచి బేరమే, అందులో నాకు అనుమానం లేదు. అంతకు ముందు జరిగినవాటి పక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. 1858 భారత ప్రభుత్వ చట్టంలో 55వ సెక్షన్ ఉంది, భారతదేశ సరిహద్దు బయట జరిపే యుద్ధాలకు భారత ఖజానా సొమ్ము వాడాలంటే పార్లమెంటు ఉభయ సభల అనుమతి కావాలని. కాపాడే సెక్షన్‌లా ఉంటుంది. కానీ అనుమతి ఇచ్చేది ఎవరు? లండన్ పార్లమెంటే. 1867లో అబిసీనియా (ఇప్పటి ఇథియోపియా) మీదికి బొంబాయి నుంచి దళాలు పంపినప్పుడు ఆ సిపాయిల మామూలు జీతాలు భారత ఖజానాయే కట్టింది, అదనపు ఖర్చు మాత్రం బ్రిటన్ పెట్టుకుంది. అబిసీనియా రాజు బ్రిటిష్ వాళ్ళను బంధిస్తే భారత రైతు కట్టిన శిస్తుకు దానితో ఏం సంబంధం?

1878 నుంచి 1880 దాకా జరిగిన రెండో ఆఫ్ఘన్ యుద్ధం భారం కూడా చాలావరకు మన మీదే పడింది, తర్వాత బ్రిటన్‌లో గ్లాడ్‌స్టన్ ప్రభుత్వం 50 లక్షల పౌండ్లు ఇచ్చింది. 1917లో ఏకంగా 10 కోట్ల పౌండ్లు యుద్ధ కానుక పేరుతో వెళ్ళాయి. వీటి తర్వాత 1939 కాగితం చూస్తే, మన వాటాకు ఒక గీత గీసి ఇంతకు మించి మీది అని రాయించుకోవడం చిన్న విషయం కాదు.

మూసీ ఒడ్డు

ఆడిటర్ అన్నా, 'రాయించుకోవడం' అన్నావు చూడు, అక్కడే ఆగిపోయాను. ఎవరు రాయించుకున్నారు? ఆ బల్లకు ఇటు పక్క కూర్చున్నదీ ఆంగ్లేయుడే, అటు పక్క కూర్చున్నదీ ఆంగ్లేయుడే. 1939 సెప్టెంబరులో వైస్రాయ్ లిన్‌లిత్‌గో మన నాయకులను ఒక్క మాట అడగకుండా భారత్ యుద్ధంలో ఉందని ప్రకటించాడు, దాని మీదే కాంగ్రెస్ మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. యుద్ధంలోకి దిగాలా వద్దా అనేది మన చేతిలో లేదు. సైన్యం ఎంత ఉండాలో, ఎక్కడికి పోవాలో కూడా లేదు. బిల్లు పంపకం ఒక్కటే బేరానికి పెట్టి దాన్ని మంచిదంటే నాకు మింగుడు పడదు.

ఇంకో సంగతి. మాస్టారు కడపలో కూర్చుని ఈ ప్రశ్న అడుగుతున్నారు. కడప బ్రిటిష్ వాళ్ళ చేతికి పోయిందే ఒక సైన్యం బిల్లు కింద.

కడప మాస్టారు

మూసీ ఒడ్డు గారూ, దత్త మండలాల సంగతేనా? దయచేసి వివరంగా రాయండి. పిల్లలకు రెండూ వేరు వేరు పాఠాలుగా చెబుతున్నాను, కలిపి ఆలోచించలేదు.

మూసీ ఒడ్డు

అదే సార్. నిజాం రాజ్యం బ్రిటిష్ వలస కాదు, ఒప్పుకుంటాను. కానీ పద్ధతి అదే కాబట్టి చెబుతున్నా.

1798లో నిజాం అలీ ఖాన్‌తో కంపెనీ సైన్య సహకార ఒప్పందం చేసుకుంది. హైదరాబాదులో 6 పటాలాల కంపెనీ సైన్యం ఉంటుంది, దానికి నిజాం ఏడాదికి 24,17,100 రూపాయలు ఇవ్వాలి. రాజ్యాన్ని కాపాడేందుకని పేరు, కానీ ఆ సైన్యం అధికారులు కంపెనీవాళ్ళు, మాట వినేది కంపెనీదే. రెండేళ్ళు దాటగానే 1800 అక్టోబరులో మళ్ళీ ఒప్పందం. సైన్యం పెరిగింది, ఖర్చు పెరిగింది, ఏటేటా డబ్బు అడగడం ఎందుకని టిప్పు సుల్తాను మీద యుద్ధాల్లో నిజాం వాటాకు వచ్చిన ప్రాంతాలను శాశ్వతంగా రాయించేసుకున్నారు. ఇప్పటి బళ్ళారి, అనంతపురం, కడప, కర్నూలులో కొంత భాగం. ఆ వెంటనే థామస్ మన్రో కలెక్టరుగా దిగాడు, 1807 దాకా ఉన్నాడు, రైత్వారీ శిస్తు లెక్కలు అక్కడే గట్టిపడ్డాయి. ఈ ఒప్పందం సంగతి తెలిసిన గుత్తి రైతు ఎవరైనా ఉంటారా అప్పట్లో? తన పొలం శిస్తు ఏ సైన్యానికి పోతోందో కూడా తెలిసి ఉండదు.

అక్కడితో ఆగలేదు. ఆ సైన్యం చాలదన్నట్టు హైదరాబాద్ కంటింజెంట్ అని ఇంకొకటి తయారయింది, దాని ఖర్చూ నిజాం మీదే. అప్పులు పెరిగి పెరిగి 1853లో ఆ బాకీ కింద నిజాం రాజ్యంలోని బేరారు ప్రాంతం కంపెనీ చేతికి పోయింది. శాంతికాలంలో ఆ కంటింజెంట్‌ను పోషించాలని 1800 ఒప్పందంలో ఎక్కడా లేదని గవర్నర్ జనరల్ డల్హౌసీయే తన కాగితాల్లో ఒప్పుకున్నాడు. అయినా బేరారు తీసుకోవడం మానలేదు. 1902లో కర్జన్ వచ్చి ఏడాదికి 25 లక్షలకు శాశ్వత కౌలు అని సంతకం పెట్టించుకున్నాడు.

సైన్యాన్ని ఆడించేవాడు ఒకడు, బిల్లు కట్టేవాడు ఇంకొకడు అయితే బిల్లు పెరుగుతూనే ఉంటుంది. నా బాధ అదీ.

పాత క్యాషియర్

ముప్పై నాలుగేళ్ళు బ్యాంకులో చేసి రిటైరయ్యాను. అమ్మాయి అడిగిన ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పే ప్రయత్నం చేస్తాను, ఎందుకంటే అందరూ ఒప్పందం గురించి మాట్లాడుతున్నారు, డబ్బు ఎలా కదిలిందో ఎవరూ చెప్పలేదు.

ఒప్పందం ప్రకారం బ్రిటన్ వాటా బ్రిటన్ ఇవ్వాలి. కానీ ఖర్చంతా ఇక్కడ, రూపాయల్లో. సిపాయి జీతం, గోధుమలు, బూట్లు, గుడారాలు, సిమెంటు, రైలు చార్జీలు, అన్నీ ఇక్కడ కొనాలి. బ్రిటన్ దగ్గర రూపాయలు లేవు, బదులుగా మనకు పంపడానికి సరుకులూ లేవు, ఫ్యాక్టరీలన్నీ యుద్ధ సామగ్రి చేస్తున్నాయి. అందుకని ఏం చేశారంటే, భారత ప్రభుత్వం ముందు రూపాయల్లో కట్టేస్తుంది. బ్రిటన్ తన వాటాను లండన్‌లో రిజర్వు బ్యాంకు ఖాతాలో పౌండ్లుగా జమ చేస్తుంది. ఆ పౌండ్లను బ్రిటిష్ ప్రభుత్వ పత్రాల్లో పెడతారు, అంటే మళ్ళీ బ్రిటన్‌కే అప్పు ఇచ్చినట్టు. ఆ పత్రాలను ఆస్తిగా చూపించి రిజర్వు బ్యాంకు ఇక్కడ నోట్లు అచ్చు వేస్తుంది. చట్టప్రకారం అంతా సక్రమమే.

1939లో యుద్ధం మొదలయ్యేనాటికి చలామణిలో ఉన్న నోట్లు 180 కోట్లకు అటూ ఇటూగా ఉంటే, 1945కి 1,200 కోట్ల దాకా వెళ్ళాయి. సరుకులు పెరగలేదు సరికదా, ఉన్నవాటిలో మంచివి సైన్యానికి పోయాయి. దాంతో ధరలు రెండింతలు దాటి పెరిగాయి. లండన్‌లో మన ఖాతాలో పౌండ్లు పెరుగుతుంటే ఇక్కడ పేదవాడి చేతిలో రూపాయి కరిగిపోయింది. బ్రిటన్ వాటా అని రాసుకున్నది ఆ అయిదారేళ్ళు నిజంగా మోసింది ఇక్కడి జనం. అందుకే వాళ్ళు మనకు బాకీ పడ్డారు. అమ్మాయికి అలా చెప్పండి మాస్టారూ.

సముద్రతీరం

క్యాషియర్ గారూ, మీరు రాసింది చదివాక మా అమ్మమ్మ గుర్తొచ్చింది, రాయకుండా ఉండలేకపోతున్నా.

మాది విశాఖ. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. అమ్మమ్మకు అప్పుడు పదకొండేళ్ళు. ఆ రాత్రే సామాను బండిలో వేసుకుని పల్లెలో ఉన్న మేనమామ ఇంటికి పోయారట, ఊరు సగం ఖాళీ అయిందని చెప్పేది. కానీ ఆవిడ ఎక్కువ చెప్పింది బాంబుల గురించి కాదు. తర్వాత రెండేళ్ళ గురించి. కిరసనాయిలు దొరక్క చీకటి పడకముందే అన్నాలు తినేసేవాళ్ళమని, బర్మా బియ్యం ఆగిపోయాక నూకలు కూడా తూచి వండేవాళ్ళమని, పెళ్ళికి ఉంచిన బట్ట రెండు చీరలుగా చింపుకున్నామని. ఆవిడకు స్టెర్లింగ్ అనే మాట తెలియదు. 36.77 కోట్ల సంగతీ తెలియదు.

మాస్టారు చెప్పిన ఒప్పందంలో 'దేశ రక్షణ కోసమే' అనే ఆ మాట చదివితే నాకు కోపం వస్తోంది. అన్నేళ్ళు కట్టించుకున్న రక్షణ విశాఖ మీద విమానాలు వచ్చిన రోజు ఎక్కడుంది? మన సైన్యం ఉత్తర ఆఫ్రికాలో ఉంది.

ఆడిటర్ బాబు

అమ్మా, మీ అమ్మమ్మ గారి మాట నేను కాదనను. మా నాయనమ్మా ఇలాంటివే చెప్పేది. కానీ ఒక్కటి ఆలోచించండి. ఉత్తర ఆఫ్రికాకు పోయిన ఆ సైన్యం అదనపు ఖర్చు, ఆ 1 కోటి తప్ప, మనం కట్టలేదు, అదీ ఈ ఒప్పందం వల్లే. దళం మన గడప దాటిందంటే అదనపు ఖర్చు లండన్‌ది. సుమారు 2 లక్షలున్న సైన్యం యుద్ధం చివరికి 25 లక్షలు దాటింది. గీత లేకపోయి ఉంటే ఆ మొత్తం మన నెత్తిన పడేది, 1948లో చేతికి చిల్లిగవ్వ ఉండేది కాదు.

ఇది ఒక్కరోజులో వచ్చింది కూడా కాదు. భారత ఖర్చుల మీద విచారణకు వెల్బీ కమిషన్ 1895లో వేశారు, దాదాభాయి నౌరోజీ అందులో సభ్యుడు, గోఖలే 1897లో లండన్ వెళ్ళి సాక్ష్యం చెప్పాడు, సామ్రాజ్యం కోసం ఉంచే సైన్యానికి సామ్రాజ్యమే వాటా ఇవ్వాలని వాళ్ళు అడిగారు. నౌరోజీ, వెడ్డర్‌బర్న్, కేన్ విడిగా భిన్నాభిప్రాయ నివేదిక రాశారు. అప్పుడు పెద్దగా వినలేదు. ఇక్కడున్న ప్రతి బ్రిటిష్ సైనికుడి శిక్షణకు లండన్ యుద్ధ శాఖ తలకింత అని వసూలు చేసేది, దాని మీద గొడవ దశాబ్దాలు నడిచింది. చివరికి ఆస్ట్రేలియాకు చెందిన రాబర్ట్ గారన్ అధ్యక్షతన ట్రిబ్యునల్ వేశారు, అందులో షాదీలాల్, షా సులేమాన్ అని ఇద్దరు మన జడ్జీలు. దాని ఫలితంగా 1933 చివర్లో బ్రిటన్ ఏడాదికి 15 లక్షల పౌండ్లు భారత్‌కు ఇవ్వడానికి ఒప్పుకుంది. లోపలి రక్షణకు మించి ఈ సైన్యం సామ్రాజ్యానికి పనికొస్తోందని మొదటిసారి డబ్బు రూపంలో ఒప్పుకున్నారు. ఆ తర్వాత చాట్‌ఫీల్డ్ కమిటీ. సైన్యాన్ని ఆధునికం చేయడానికి అయ్యే 45 కోట్ల పైచిలుకులో మూడు వంతులు ఉచితంగా, నాలుగో వంతు అప్పుగా ఇస్తామని 1939లో బ్రిటన్ అంది. నవంబరు ఒప్పందం దాని మీద కట్టిందే. నలభై ఏళ్ళు అడిగితే వచ్చింది. ఆ అడిగినవాళ్ళను మరిచిపోకూడదు.

మూసీ ఒడ్డు

అన్నా, గోఖలే, నౌరోజీల విషయంలో నీ మాటకు తలవంచుతా. ఒప్పందం బ్రిటిష్ వాళ్ళ దయ అన్నట్టు ఎవరైనా చెబితే ఒప్పుకోను, నువ్వు అలా అనలేదు. కానీ 1939లో లండన్ ఎందుకు ఒప్పుకుంది? అప్పటికి ఈ యుద్ధం ఇంత పెద్దదవుతుందని వాళ్ళకు తెలియదు. తెలిసిన మరుక్షణం మార్చాలని చూశారు.

పాత క్యాషియర్

నిజమే. 1942కల్లా లండన్‌లో లెక్కలు చూసి గుండె ఝల్లుమంది. చర్చిల్ అయితే భారత్‌ను కాపాడినందుకు మేమే ఎదురు బిల్లు వేస్తామనే దాకా వెళ్ళాడు. ఆ వేసవిలో రైస్మన్ లండన్ వెళ్ళి ఒప్పందం తిరగరాయకుండా గట్టిగా నిలబడ్డాడు. భారత వ్యవహారాల మంత్రి ఏమెరీ, వైస్రాయ్ కూడా అతని వైపే. మూసీ ఒడ్డు గారూ, బల్లకు రెండు పక్కలా ఆంగ్లేయులే అన్నారు, అది నిజం. కానీ ఇటు కూర్చున్న ఆంగ్లేయుడు ఆ సమయంలో ఇటు పక్షానే మాట్లాడాడు. క్విట్ ఇండియా నడుస్తున్న ఏడాది, ఇచ్చిన మాట కూడా తప్పితే ఇక్కడ పాలన నడవదని అతనికి తెలుసు. జనం భయం అతని వెనక ఉంది కాబట్టే ఆ ధైర్యం వచ్చిందని నా నమ్మకం.

అయితే కొన్ని ఖర్చులు మన ఖాతాలోకి జరిగాయి. దేశంలో ఉన్నంతకాలం ఆ దళాల భారం మనదే అన్నారు, జపాన్ వచ్చాక దేశంలో ఉన్న దళాలు ఎన్ని! యుద్ధం మొత్తం మీద చూస్తే మన వాటా, వాళ్ళ వాటా ఇంచుమించు సగం సగం అయ్యాయి. యుద్ధానికి ముందు ఏడాదికి 46 కోట్లు రక్షణకు పెట్టిన దేశం అది.

కౌలూన్ తెలుగు

పదేళ్ళుగా హాంగ్‌కాంగ్‌లో ఉంటున్నా. ఇక్కడి కథ కూడా కొంచెం చెబుతా, పోల్చుకోవడానికి పనికొస్తుంది.

ఇక్కడ 1860ల నుంచే సైన్యానికి చందా కట్టమని లండన్ అడిగేది, తర్వాత 1901 నుంచి ఆదాయంలో 20 శాతం అని స్థిరం చేశారు. ఊరికి ఆదాయం పెరిగితే సైన్యం ఒక్కడు పెరగకపోయినా చందా పెరుగుతుంది. వ్యాపారులు దాని మీద ఎప్పుడూ మొత్తుకునేవాళ్ళు. 1975లో ఖర్చులో వాటా అనే పద్ధతికి మారారు, మొదట సగం, మూడో ఏటికి 75 శాతం. 1988 ఒప్పందంలో 65కి తగ్గింది. ఆ సైన్యంలో ఎక్కువమంది గూర్ఖాలు, వాళ్ళ పని ప్రధానంగా చైనా సరిహద్దు దాటి వచ్చేవాళ్ళను ఆపడం. ఆ బిల్లు ఆమోదించిన శాసన మండలిలో 1985 దాకా ఎన్నికైన సభ్యుడు ఒక్కడు లేడు.

నా ఆఫీసులో పెద్దాయన ఒకరు అంటారు, ఆ డబ్బుతో సరిహద్దు ప్రశాంతంగా ఉంది, ఊరు బాగుపడింది, మాకు లోటేం లేదని. ఆయన అనుభవం ఆయనది. మనకు బెంగాల్ కరువు ఉంది, 30 లక్షల మంది పోయారు. రెండూ ఒకే తూకంలో వేయలేం.

సముద్రతీరం

కౌలూన్ గారు బెంగాల్ మాట ఎత్తారు కాబట్టి అడుగుతున్నా. క్యాషియర్ గారూ, ఆ పౌండ్లు చివరికి మనకు వచ్చాయా? ఇంతమంది కడుపు మాడ్చుకుని ఇచ్చిన అప్పు కదా.

పాత క్యాషియర్

వచ్చాయమ్మా, కానీ వచ్చిన తీరు చూస్తే మనసు కలుక్కుమంటుంది.

ముందు మంచి చెబుతా. యుద్ధంలోనే ఆ పౌండ్లలో కొంత వాడి బ్రిటన్‌కు మనం బాకీ ఉన్న పాత అప్పు, రైల్వేల కోసమూ ఇతరత్రా చేసింది, 30 కోట్ల పౌండ్ల పైనే తీర్చేశాం. అది పెద్ద బరువు దిగడమే. అప్పటిదాకా ఏటా వడ్డీ పోయేది.

1944 జులైలో యుద్ధం తర్వాతి ప్రపంచ ద్రవ్య ఏర్పాట్ల మీద జరిగిన బ్రెటన్‌వుడ్స్ సమావేశానికి మన బృందం వెళ్ళింది. నాయకుడు రైస్మన్, అందులో రిజర్వు బ్యాంకు గవర్నరు చింతామణి దేశ్‌ముఖ్, షణ్ముఖం చెట్టి, ష్రాఫ్ ఉన్నారు. ఈ నిల్వల్లో కొంతయినా డాలర్లుగా మార్చుకునే వీలు కొత్త ద్రవ్యనిధి కల్పించాలని అడిగారు. బ్రిటన్ తరఫున వచ్చిన ఆర్థికవేత్త కీన్స్ ఒప్పుకోలేదు, ఇది మా రెండు దేశాల మధ్య సంగతి, గౌరవంగా తీరుస్తాం అన్నాడు. డబ్బు మనదే, ఎక్కడ ఖర్చుపెట్టాలో మాత్రం వాళ్ళ ఇష్టం.

1947 ఆగస్టు 14న, స్వాతంత్ర్యానికి ముందు రోజు, తాత్కాలిక ఒప్పందం మీద సంతకాలయ్యాయి. అప్పటికి ఖాతాలో సుమారు 116 కోట్ల పౌండ్లు. దాదాపు అన్నీ మన ఇష్టానికి తీసుకోవడానికి వీల్లేని ఖాతాలో ఉన్నాయి, కొద్దికొద్దిగా వదులుతారు. తర్వాత 1948 జులైలో చెట్టి గారు ఆర్థిక మంత్రిగా లండన్‌లో ఒప్పందం చేసుకున్నారు. బ్రిటిష్ సైన్యం ఇక్కడ వదిలి వెళ్ళిన సామాను, స్థావరాల కోసం 10 కోట్ల పౌండ్లు మన ఖాతాలోంచి కోసుకున్నారు. ఇంకో 16.8 కోట్ల పౌండ్లు పెన్షన్లకు.

మూసీ ఒడ్డు

పెన్షన్లు ఎవరికి?

పాత క్యాషియర్

ఇక్కడ పనిచేసి ఇంగ్లండు వెళ్ళిపోయిన బ్రిటిష్ అధికారులకు. వాళ్ళకు ఏటా ఇవ్వాల్సింది లెక్కగట్టి మొత్తం ఒకేసారి ముందుగానే కట్టేశాం. న్యాయంగా అది ఉద్యోగికి ఇవ్వాల్సిన బాకీయే, కాదనను, నేనూ పెన్షన్ మీద బతుకుతున్నవాణ్ణే. కానీ 1943లో నూకలు తూచి వండుకున్న ఇంటి డబ్బులోంచి పోయింది.

1949 సెప్టెంబరులో పౌండు విలువ డాలరు లెక్కలో 30 శాతం తగ్గింది, మిగిలిన నిల్వ విలువ కూడా ఆ మేరకు డాలర్లలో పడిపోయింది. మిగతాది మొదటి, రెండో పంచవర్ష ప్రణాళికల్లో యంత్రాలకూ తిండిగింజలకూ వాడుకున్నాం. పనికొచ్చింది, వృథా కాలేదు.

ఆడిటర్ బాబు

క్యాషియర్ గారూ, ఇది నేను ఇంత స్పష్టంగా ఎప్పుడూ చదవలేదు. నా మాట కొంచెం సవరించుకుంటున్నా. ఒప్పందంలో అంకెలు మంచివే. కానీ చెల్లింపు ఎప్పుడు, ఏ రూపంలో, ఏ కరెన్సీలో అనేది అందులో మన చేతికి రాలేదు. నేను ఆడిట్ చేసే చిన్న కంపెనీల్లోనూ ఇదే చూస్తుంటా, బిల్లు మొత్తం మీద కొట్లాడి గెలుస్తారు, గడువు రాయించుకోవడం మరిచిపోతారు, ఆ గడువులోనే మునిగిపోతారు.

కడప మాస్టారు

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. సోమవారం క్లాసులో 1798 నుంచే మొదలుపెడతాను. బోర్డు మీద ముందు 24,17,100 రాస్తాను, పిల్లలు ఏ ఊళ్ళనుంచి వచ్చారో ఆ ఊళ్ళ పేర్లు దాని కింద రాయిస్తాను. పులివెందుల, జమ్మలమడుగు, తాడిపత్రి వాళ్ళే ఎక్కువ. తర్వాత 36.77 కోట్లు.

సముద్రతీరం గారూ, మీకు అభ్యంతరం లేకపోతే మీ అమ్మమ్మ గారు చెప్పిన నూకల సంగతి, కిరసనాయిలు సంగతి పేరు చెప్పకుండా పిల్లలకు చదివి వినిపించవచ్చా? ప్రశ్న అడిగిన అమ్మాయి మాటిమాటికీ 'బాకీ ఎవరికి సార్' అంటోంది, రిజర్వు బ్యాంకు ఖాతా చూపిస్తే ఆమెకు సరిపోయేలా లేదు.

సముద్రతీరం

తప్పకుండా చదవండి మాస్టారూ. పేరు కూడా చెప్పవచ్చు గానీ ఇక్కడ రాయను, మీకు విడిగా పంపుతాను. ఇంకో సంగతి కలపండి. ఆ చింపిన చీరలో సగం ముక్క మా అమ్మ దగ్గర ఇంకా ఉంది, ఫొటో తీసి పంపమంటే రేపు పొద్దున్నే పంపుతాను.